అందరూ సాయం చేస్తున్నా ఆట పోతోందా? హనాబీలో సమస్యలు, పరిష్కారాలు

ఎండాకాలం సెలవులకు కర్నూలులో ఇల్లు నిండితే, పొద్దు వాలగానే మిద్దె మీద చాప పడుతుంది. పేక బయటికి వస్తుంది. రమ్మీకి అలవాటు పడిన చేతులకు హనాబీ మొదట్లో వింతగా ఉంటుంది. ఎందుకంటే ఇందులో మన ముక్కలు మనకే కనిపించవు. బొమ్మ ఎదుటివాళ్ల వైపు ఉండేలా పట్టుకోవాలి. ఫ్రాన్సుకు చెందిన ఆంత్వాన్ బౌజా రూపొందించిన ఈ ఆట 2010లో వచ్చింది. 2013లో జర్మనీవారి ‘ష్పీల్ డెస్ యారెస్’ పురస్కారం అందుకుంది.

ఐదు రంగులు, ఒక్కో రంగులో 1 నుంచి 5 వరకు వరుసగా పేర్చాలి. మన వంతులో మూడింట్లో ఒక పనే చేయాలి: ఎదుటివారి ముక్కల రంగు గానీ అంకె గానీ చెప్పి సూచన ఇవ్వడం, ముక్క దించడం, ముక్క పడేయడం. సూచనకు ఒక బిళ్ళ ఖర్చవుతుంది. ఆ బిళ్ళలు మొత్తం 8. ముక్క పడేస్తే ఒక బిళ్ళ తిరిగి వస్తుంది. తప్పు ముక్క దించితే మూడు ప్రాణాల్లో ఒకటి పోతుంది. గెలిచినా ఓడినా అందరూ కలిసే. అయినా చాలా ఆటలు సాయం చాలక కాదు, సాయం ఎక్కువై పోతాయి.

సగం ఆటకే సూచనలు అయిపోతున్నాయి

కారణం: ముక్క పడేయడమంటే నష్టమనే భయం. ఆ భయంతో ప్రతివాళ్లూ తమ వంతు రాగానే ఏదో ఒక సూచన ఇచ్చేస్తారు. “నీ దగ్గర రెండు నీలం ఉన్నాయి” అంటారు. నీలం వరుస ఇంకా మొదలే కాలేదు, ఆ రెండు ముక్కలూ 4లే అయినప్పుడు ఆ మాటతో ఆమె ఏం చేసుకోవాలి?

లెక్క వేస్తే భయం పోతుంది. మొత్తం 50 ముక్కలు. ప్రతి రంగులోనూ 1లు మూడు, 2, 3, 4 రెండేసి, 5 ఒక్కటే. కావలసినవి 25. నలుగురు ఆడితే తలా నాలుగు పంచాక కట్టలో 34 మిగులుతాయి. దించినా పడేసినా కట్ట నుంచి ఒకటి ఎత్తాలి. కట్ట అయిపోయాక ఒక్కొక్కరికి ఇంకో వంతు. అంటే దించేవి, పడేసేవి కలిపి 38 దాటవు. పూర్తి 25 రావాలంటే 13 ముక్కలు పడేయవచ్చన్నమాట. 8 బిళ్ళలకు ఈ 13 కలపండి. ఒక రంగు 5తో పూర్తయినప్పుడల్లా ఇంకో బిళ్ళ వస్తుంది కాబట్టి, ఆఖరి రంగు వదిలేసి మరో 4 వేసుకోండి. ఎంత గట్టిగా ఆడినా 25 సూచనలు. దించాల్సిన ముక్కకు ఒకటి చొప్పున!

పరిష్కారం: ఈ సూచనతో ఎదుటివారు వెంటనే ఏదైనా దించగలరా, లేక పడేయబోతున్న విలువైన ముక్కను ఆపగలరా అని చూసుకోండి. రెండూ కాకపోతే మీ ముక్క ఒకటి పడేయండి.

“ఐదు అన్నావు కదా, అందుకే దించాను”

కారణం: చెప్పినవారు ‘దాచుకో’ అనుకున్నారు, విన్నవారు ‘దించు’ అనుకున్నారు. ఇద్దరి తప్పూ లేదు. ముందుగా ఒప్పందం లేకపోవడమే తప్పు.

పరిష్కారం: పంచకముందే మూడు మాటలు అనుకోండి. కొత్తగా ఎత్తిన ముక్క ఎప్పుడూ ఎడమ చివర. పడేయాల్సి వస్తే సూచన అందని ముక్కల్లో కుడి చివరిది, అంటే అన్నిటికన్నా పాతది. ఆ కుడి చివరి ముక్కకు సూచన తగిలితే ముందు ‘దాచుకో’ అనే అర్థం తీసుకోవాలి, మిగతా చోట తగిలితే ‘దించు’. చిన్నాయన కుడి చివర పచ్చ 5 ఉంది, పచ్చ వరుస ఇంకా 2 దగ్గరే ఉంది. ఆయనకు “ఐదు” అని చెబితే ఇక కంగారు పడడు. ఇంతకు మించిన రహస్య ఒప్పందాలు నాకు నచ్చవు. సంకేతాల పట్టిక బట్టీ పట్టడం మొదలైతే పిల్లలు లేచిపోతారు.

ఇదే జాతి తప్పు ఇంకొకటి ఉంది. “ఇది ఎరుపు” అని ఒక్క ముక్కే చూపిస్తారు, చేతిలో ఎరుపు రెండుంటాయి. నియమం ప్రకారం ఆ రంగువి లేదా ఆ అంకెవి అన్నీ చూపించాల్సిందే.

నోరు మూసుకున్నా ముఖం చెప్పేస్తోంది

అవ్వ చేయి కుడి చివరి ముక్క మీదికి వెళ్తుంది. ఎదురుగా మనవడు “అవ్వా…” అని ఆగిపోతాడు. అవ్వ వేలు మెల్లగా పక్క ముక్క మీదికి జరుగుతుంది. బిళ్ళ ఖర్చు కాలేదు, కానీ సూచన అందిపోయింది. దగ్గు, నిట్టూర్పు, “నిజంగానా?” అన్నీ ఈ కోవలోవే.

కారణం కొంత ప్రేమ, కొంత రమ్మీ అలవాటు. అక్కడ ముఖం చదవడం ఒక విద్య. ఇక్కడ అదే దొంగ సూచన.

“ఎవరూ ముఖం మార్చకండి” అంటే జరిగే పని కాదు. కాబట్టి నియమం వినేవారికి పెట్టండి: వేలు మొదట ఏ ముక్క మీద పడిందో అదే ఆడాలి. నోరు జారినవారి వల్ల ఒక బిళ్ళ పక్కకు. ఒకటి రెండుసార్లు అమలైతే దగ్గులు వాటంతట అవే తగ్గుతాయి.

మాట్లాడదగినవి కూడా ఉన్నాయి. పడేసిన ముక్కలు అందరికీ కనిపించాలి, ఎవరైనా ఎప్పుడైనా చూసుకోవచ్చు. బిళ్ళలెన్ని మిగిలాయో అడగవచ్చు. “ఇందాక నాకేం చెప్పారు?” అని పెద్దవాళ్లు అడిగితే చెప్పాలనే నా ఓటు. జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి అవ్వను ఓడిస్తే ఏమొస్తుంది?

ఒక్కరే నలుగురి ఆట ఆడుతున్నారు

“నువ్వు పడేయి, ఆమె దించుతుంది, ఆపైన నేను చూసుకుంటా” అనే పెద్దమనిషి ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. 2019లో వచ్చిన మరో సహకార పేకాట ‘ద క్రూ’ ఇలాంటివారికి గట్టిగానే కళ్లెం వేసింది. ఒక్కో ఆటలో ఒక్కసారే, ఒక్క ముక్కే చూపించి, ఆ రంగులో తన దగ్గర అదే పెద్దదో, అదే చిన్నదో, అదొక్కటేనో మాత్రం తెలపాలి. హనాబీలోనూ అదే స్ఫూర్తి పాటించండి. వంతు ఉన్నవారికి సలహా ఉండదు. విశ్లేషణంతా ఆట ముగిశాకే, అదీ అడిగితేనే.

బిళ్ళలు పోయాయి

చింతగింజలు ఎనిమిది, గవ్వలు మూడు చాలు. రూపాయి నాణేలు మాత్రం వద్దు. పేక పక్కన డబ్బు కనిపిస్తే మన దగ్గర ఎవరూ సహకార ఆట అనుకోరు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం పక్కింటి మామకు కూడా తెలుసు.

పెట్టె దొరకలేదు

మామూలు పేకలు మూడు కలపండి. ఆటీను, డైమను, కళావరు, ఇస్పేటు, ఒక్కో దాంట్లో ఆసులు మూడు, 2, 3, 4 రెండేసి, 5 ఒకటి తీస్తే మొత్తం 40 ముక్కలు, పూర్తి మార్కు 20. మూడు పేకల వెనక బొమ్మ ఒకేలా ఉండాలి. మూడో పేక నుంచి ఆసులు తప్ప ఇంకేమీ రావు. దాని వెనక బొమ్మ వేరుగా ఉంటే ఎవరూ చెప్పకుండానే మీ చేతిలోని ఆసు మీకు తెలిసిపోతుంది.