జెనెటిక్ ప్రోగ్రామింగ్‌లో ఫిట్‌నెస్ విలువలను సవరించే పద్ధతి

జెనెటిక్ ప్రోగ్రామింగ్ అంటే ప్రోగ్రాములను తరతరాలుగా ఎంపిక చేస్తూ, కలుపుతూ, మారుస్తూ మెరుగుపరిచే పద్ధతి; ఒక్కో ప్రోగ్రాము ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే సంఖ్యే ఫిట్‌నెస్ విలువ. ఈ విలువను సవరించే ముందు, మీ సాఫ్ట్‌వేర్ తరువాతి తరానికి ప్రోగ్రాములను ఏ పద్ధతిలో ఎంపిక చేస్తుందో తప్పక చూడండి. ఒక పద్ధతిలో ఎంతో ప్రభావం చూపే సవరణ మరో పద్ధతిలో ఏ మార్పూ తీసుకురాదు.

ఈ రంగానికి ప్రాచుర్యం తెచ్చిన జాన్ కోజా 1992లో వివరించిన క్రమంలో ఈ విలువకు నాలుగు రూపాలున్నాయి. ఆయన ఉదాహరణల్లో ఒకటి −1 నుంచి 1 మధ్య 20 బిందువుల ఆధారంగా ఒక నాలుగో ఘాత బహుపదిని కనుగొనడం. ప్రతి బిందువు వద్ద ప్రోగ్రాము జవాబుకూ అసలు జవాబుకూ ఉన్న తేడాను గుర్తుతో పని లేకుండా కూడితే ముడి ఫిట్‌నెస్ వస్తుంది. సున్నా అత్యుత్తమం అయ్యేలా దానిని మార్చితే ప్రామాణిక ఫిట్‌నెస్ అవుతుంది. ప్రామాణిక విలువకు 1 కలిపి, వచ్చిన మొత్తంతో 1ని భాగిస్తే సవరించిన ఫిట్‌నెస్, దానిని జనాభా మొత్తం విలువతో భాగిస్తే సాధారణీకృత ఫిట్‌నెస్ లభిస్తాయి.

ఫిట్‌నెస్‌కు అనుపాతంగా ఎంపిక జరిగేటప్పుడు మీరు దోషాల మొత్తాన్ని వాడుతున్నారా, సగటును వాడుతున్నారా అన్నది చాలా ముఖ్యం. 20 బిందువుల మీద ఒక ప్రోగ్రాము దోషాల మొత్తం 0.2, మరొకదానిది 0.4 అనుకుందాం. సవరించిన విలువలు 0.833, 0.714 అవుతాయి కనుక మొదటిదానికి స్పష్టమైన మొగ్గు ఉంటుంది. అదే సగటు తీసుకుంటే దోషాలు 0.01, 0.02గా మారి, సవరించిన విలువలు 0.990, 0.980 వద్ద దాదాపు కలిసిపోతాయి. రెండో ప్రోగ్రాము దోషం రెట్టింపు ఉన్నా ఎంపికకు ఆ తేడా కనిపించదు. కాబట్టి దోషాలు 1 కంటే బాగా చిన్నవైతే వాటిని ఒక స్థిరాంకంతో గుణించి, ఆ తరువాతే సూత్రంలో పెట్టండి.

కొన్ని ప్రోగ్రాములను యాదృచ్ఛికంగా తీసుకుని వాటిలో ఉత్తమమైనదాన్ని ఎంచుకునే టోర్నమెంట్ ఎంపికలో మాత్రం ఈ శ్రమ అనవసరం. అక్కడ ఎవరు మెరుగు అన్నదే లెక్క, ఎంత మెరుగు అన్నది కాదు. క్రమం మారనంత వరకు ఏ సూత్రం పెట్టినా గెలిచేది అదే ప్రోగ్రాము. జెనెటిక్ ప్రోగ్రామింగ్‌కు వాడే సాఫ్ట్‌వేర్‌లలో ఈసీజే (ECJ)లోని కోజా అమరికల ఫైలు 7 ప్రోగ్రాములతో, జీపీలెర్న్ (gplearn) డిఫాల్ట్‌గా 20 ప్రోగ్రాములతో టోర్నమెంట్ నడుపుతాయి. వీటిని వాడేవారు దోషాన్ని లెక్కించే ఫంక్షన్ మీదే దృష్టి పెట్టాలి.

అక్కడ మొదట చేయవలసింది అనంతం, 'సంఖ్య కాదు' అనే ఫలితాలను పట్టుకోవడం. 'సంఖ్య కాదు' (NaN) అనే విలువ దేనికంటే అయినా ఎక్కువా, తక్కువా అని అడిగితే జవాబు 'తప్పు' అనే వస్తుంది కనుక, దోషం హద్దు దాటిందా అని అడిగితే అది తప్పించుకుపోతుంది. హద్దు కంటే తక్కువగా ఉందా అని అడిగి, లేకపోతే హద్దు విలువనే ఇవ్వండి. ఈసీజేతో వచ్చే సింబాలిక్ రిగ్రెషన్ (డేటాకు సరిపోయే సూత్రాన్ని కనుగొనడం) ఉదాహరణ సరిగ్గా ఇలాగే రాసి ఉంటుంది.

తరువాతి సవరణ లీనియర్ స్కేలింగ్, అంటే ప్రోగ్రాము జవాబులను ఒక సంఖ్యతో (వాలు) గుణించి, మరో సంఖ్యను (అంతరఖండం) కలిపి లక్ష్యాలకు దగ్గర చేయడం. మార్టెన్ కైజర్ 2003లో ప్రతిపాదించిన ఈ పద్ధతి నా దృష్టిలో అన్నింటికంటే విలువైనది, ఎందుకంటే స్థిరాంకాలు వెతికే భారం పరిణామక్రమం మీద పడకుండా చేసి, వక్రరేఖ ఆకారాన్ని కనుగొనే పనికే దానిని వదిలిపెడుతుంది. ప్రోగ్రాము జవాబులకూ లక్ష్యాలకూ మధ్య కోవేరియన్స్‌ను (రెండూ కలిసి మారే తీరుకు కొలత) జవాబుల వేరియన్స్‌తో (అవి సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) భాగిస్తే వాలు వస్తుంది. లక్ష్యాల సగటు నుంచి, వాలుతో గుణించిన జవాబుల సగటును తీసివేస్తే అంతరఖండం వస్తుంది. ఈ రెండింటినీ వర్తింపజేశాక మిగిలిన దోషాన్నే ఫిట్‌నెస్‌గా ఇవ్వాలి. ప్రోగ్రాము అన్ని బిందువుల వద్దా ఒకే జవాబు ఇస్తే వేరియన్స్ సున్నా అవుతుంది కనుక అప్పుడు వాలును సున్నాగా తీసుకోండి. ఈ రెండు సంఖ్యలను ప్రోగ్రాముతో పాటు భద్రపరచకపోతే తరువాత అది సరైన జవాబు ఇవ్వదు.

ప్రోగ్రాములను చెట్ల రూపంలో రాస్తారు; ఆ చెట్లు ఉబ్బిపోకుండా పరిమాణానికి జరిమానా వేయడం చివరి మెట్టు. జీపీలెర్న్‌లో పార్సిమనీ గుణకం (ఒక్కో నోడ్‌కు, అంటే చెట్టులోని ఒక్కో కణుపుకు, వేసే జరిమానా) డిఫాల్ట్ విలువ 0.001; అంటే 50 నోడ్ల చెట్టుకు 0.05 జరిమానా. దోషం వేలల్లో ఉంటే అది ఏ ప్రభావమూ చూపదు, 0.01 దగ్గర ఉంటే దోషాన్నే మింగేసి పొట్టి చెట్లను మాత్రమే మిగులుస్తుంది. కనుక మీ మంచి ప్రోగ్రాముల దోషం ఎంతో చూసి, అందులో చిన్న భాగం మాత్రమే జరిమానా అయ్యేలా గుణకాన్ని ఎంచుకోండి. జరిమానా కలిపిన విలువను ఎంపికకే పరిమితం చేసి, ముడి దోషాన్ని ప్రతి తరంలో విడిగా నమోదు చేయండి. గుణకం మార్చిన రెండు పరుగులను పోల్చడానికి పనికొచ్చేది ఆ ముడి దోషమే.