మనసు చదువు, 3వ పాఠం: కథ దాటేసిన ఏళ్ళు

పోయిన పాఠంలో మీ జీవితాన్ని ఐదు వాక్యాల్లో రాయమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. దాన్ని దిద్దొద్దు. అందులో ఏ ఏళ్ళు కనిపించడం లేదో వెతకండి, ఈసారి పని అంతే.

ఒక ఉదాహరణ కల్పించి చెప్తాను. కొండపి దగ్గర పల్లెలో పొగాకు రైతు కూతురు, ఇప్పుడు నలభై దాటాయి. ఆమె రాసింది: "పొగాకు వేయొద్దని క్రాప్ హాలిడే వచ్చిన ఏడు మా నాయన అప్పులపాలయ్యాడు. అప్పుడే నా చదువు మాన్పించారు. అప్పట్నించీ ఇల్లు మోసింది నేనే." పుట్టింట్లో అయినా అత్తింట్లో అయినా, ఎవరు అడిగినా ఇవే మాటలు, ఇదే వరస.

ఆంధ్రలో పొగాకుకు క్రాప్ హాలిడే ప్రకటించింది 2000-01 సీజన్‌కి. ఆమె బీరువాలోని ఇంటర్ మార్కుల లిస్టు మీద మాత్రం మార్చి 2002 అని ఉంది. అంటే అప్పులయ్యాక కూడా ఆమె ఒంగోలు బస్సెక్కి కాలేజీకి వెళ్ళింది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఆ ఏడాదిన్నరతో ఆమె కథకి పని లేదు, కాబట్టి ఎప్పుడూ తలచుకోలేదు. తలచుకోనిది మెల్లగా మసకబారింది.

ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. వియన్నాలో కళా చరిత్రకారుడిగా మొదలై, మాటల ద్వారా మనసుకి చికిత్స చేసే సైకోఅనలిస్టు అయిన ఎర్నెస్ట్ క్రిస్, 1956లో 'వ్యక్తిగత పురాణం' గురించి రాశాడు. కొందరు పేషెంట్ల జీవితకథ ఎక్కడా అతుకు కనపడనంత గట్టిగా ఉంటుందనీ, ఆ కథే కొన్ని జ్ఞాపకాలకు అడ్డుగా నిలబడుతుందనీ గమనించాడు. అలాంటి కథని కదిలిస్తే మనిషికి చిరాకు వస్తుంది. మన కొండపి ఆమెని "మరి 2001లో ఏం చేశావమ్మా?" అని అడిగి చూడండి. "ఏందిలే, ఏదో గడిచింది" అని మాట తప్పిస్తుంది. గుర్తు రాక తడుముకోవడం కన్నా ఈ తప్పించడమే కథ అడ్డు నిలబడిందనడానికి గట్టి ఆనవాలని నా నమ్మకం.

గుర్తు రానిదాన్ని మనిషి చేతల్లో మళ్ళీ మళ్ళీ చేస్తాడని సైకోఅనాలిసిస్ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ 1914లో రాశాడు. ఈమె ఇప్పటికీ ఇంటి లెక్కలు ఎవరి చేతికీ ఇవ్వదు. కూతురు కిరాణా చీటీ రాసినా టెన్షనే. అలాగని ఆ కాలేజీ రోజుల్లో ఏదో ఘోరం జరిగిందని తేల్చేయకండి. సినిమాల్లోలాగా ప్రతి ఖాళీ వెనకా రహస్యం ఉండదు.

ఇక నోట్‌బుక్ తీయండి. మీ కథలో లేని ఒక ఏడాది ఎంచుకోండి. మార్కుల లిస్టో, బ్యాంకు పాసుపుస్తకమో, ఫోటో వెనక తేదీయో, ఏదో ఒక ఆధారం ఉన్న ఏడాదైతే మేలు. పొద్దున ఎవరు లేపేవాళ్ళు, ఏ బస్సెక్కేవాళ్ళు, క్యారియర్‌లో ఏముండేది, ఇలాంటివే రాయండి. "ఎందుకు" జోలికి పోవద్దు. పోయారంటే పాత కథే వచ్చి జవాబు చెప్తుంది. అక్కనో మేనత్తనో అప్పుడే అడగొద్దు, వాళ్ళ దగ్గర వాళ్ళ కథ సిద్ధంగా ఉంటుంది. గుర్తు రాని చోట గీత గీసి వదిలేయండి, ఊహతో పూడ్చొద్దు. జ్ఞాపకాన్ని మనం తలచుకున్నప్పుడల్లా మళ్ళీ అల్లుకుంటామని బ్రిటిష్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. ఇవాళ్టి ఊహని నాలుగుసార్లు చెప్పామంటే అది జ్ఞాపకమై కూర్చుంటుంది.

రాస్తుంటే గుండెదడ మొదలైనా, నిద్ర పట్టకపోయినా ఆపేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. సైకోఅనాలిసిస్ అసలు పని వినే మనిషి ఒకరు ఉంటేనే జరుగుతుంది, ఈ పాఠాలు నోట్‌బుక్ వరకే.

నాలుగో పాఠానికి ఒక్క పేజీ చాలు. అందులో గీతలే ఎక్కువున్నా పర్లేదు, వాటితోనే మొదలుపెడదాం.