మక్కజొన్న పాతరగడ్డి ఎలా వేయాలి? ముందు కోత రోజు పట్టుకోండి

పచ్చి మేతను ముక్కలు చేసి, గాలి తగలకుండా గుంతలో తొక్కి, కప్పి, పులియబెట్టి దాచేదే పాతరగడ్డి (సైలేజీ). చేవెళ్ల, షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం వైపు పాడి పెట్టుకున్నవాళ్లు ఎండాకాలంలో నాకు ఫోన్ చేసి చెప్పే మాట దాదాపు ఒకటే. "అన్నా, పాతర తెరిచినం. కంపు కొడుతున్నది, బర్లు మూతి పెడ్తలేవు." పోయి చూస్తే కవరు మందంగానే ఉంటుంది, కటింగ్ మిషన్ కిరాయికి తెచ్చి ఉంటారు, కొందరైతే గుంతకు సిమెంటు కూడా చేయించి ఉంటారు. ఖర్చుకు ఎవరూ వెనకాడలేదు. కోత మాత్రం వారం ముందో, పది రోజులు ఆలస్యంగానో పడి ఉంటుంది. పన్నెండేళ్లుగా ఏటా పాతర వేస్తున్నాను. చెడిపోయిన పాతరలు చాలా చూశాను. వాటిలో ఎక్కువ భాగం పొలంలోనే చెడిపోయాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల పాడికి పాతర ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. నగరం లోపలి డెయిరీల్లో చాలావరకు మూసీ ఒడ్డున మురుగునీటితో పెరిగే పారాగడ్డి మీద నడుస్తాయి. ఊళ్లలో ఉన్నవాళ్లకు ఏప్రిల్ వచ్చేసరికి బోరు తగ్గుతుంది, మిగిలేది వరిగడ్డి. పచ్చిమేత తగ్గగానే పాలు తగ్గుతాయి. దాణా ఎంత పెంచినా ఆ లోటు పూడదు. ఒక్కసారి కోసి దాచిన పాతరగడ్డి నాలుగు నెలలు ఒకే నాణ్యతతో మేపవచ్చు.

ముందు గుంత లెక్క

ఐదు పాలిచ్చే బర్రెలు అనుకుందాం. ఒక్కోదానికి రోజుకు 15 కిలోల చొప్పున 75 కిలోలు, 120 రోజులకు 9 టన్నులు. పైనా పక్కలా కొంత ఎటూ పోతుంది కాబట్టి పదిన్నర టన్నులు వేయాలి. నీళ్లు బాగా పారే ఎకరం మక్కకు ఇది సులువుగా వస్తుంది. మనుషులతో బాగా తొక్కిస్తే ఒక ఘనపు అడుగులో 14 కిలోల దాకా పడుతుంది. అంటే నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, ఇరవై నాలుగడుగుల పొడవుతో రెండు గుంతలు చాలు.

చాలామంది పది అడుగుల వెడల్పుతో ఒకే పెద్ద గుంత తీస్తారు. తీయడం సులువు, ట్రాక్టర్ దిగుతుంది కాబట్టి. నేనూ మొదటి ఏడు అదే చేశాను. తెరిచాక రోజుకు రెండంగుళాలు కూడా తీయలేకపోయాను, ఐదు బర్రెలు అంతకంటే తినవు. గాలి తగిలిన ముఖం, అంటే గడ్డి తీసే వైపు గోడ, మూడో రోజుకే వేడెక్కింది, వారానికి తెల్ల బూజు పట్టింది. రోజూ ముఖం మొత్తం మీద కనీసం నాలుగంగుళాలు తీయాలి, ఎండలు ముదిరితే ఆరు. గుంత వెడల్పు నిర్ణయించేది మీ మంద, ట్రాక్టర్ కాదు. ఇరవై బర్రెలు దాటితే ట్రాక్టర్ దిగే గుంత తీసుకోండి.

చోటు ఎత్తుగా ఉండాలి, వాన నీరు నిలవకూడదు. చెల్క నేలైతే మంచిది. నల్లరేగడిలో గోడలు పగుళ్లిస్తాయి, అడుగున, పక్కలా కవరు తప్పనిసరి. సంచుల్లో నింపే పద్ధతి నేను ఎవరికీ చెప్పను. ఎలుక ఒక్క చిల్లు పెట్టినా, కాకి ఒక్క పోటు పొడిచినా ఆ సంచి అంతా పోతుంది.

విత్తనం, సమయం

గింజ బాగా పట్టే హైబ్రిడ్ వేయండి. రాజేంద్రనగర్ మక్కజొన్న పరిశోధన కేంద్రం తెచ్చిన డీహెచ్ఎం-117 లాంటివి సరిపోతాయి. ఆఫ్రికన్ టాల్ ఎత్తు పెరుగుతుంది, టన్నులు ఎక్కువ వస్తాయి, పచ్చిగా కోసి వేయడానికి మంచిదే. కానీ పాతరలో బలమంతా గింజలోని పిండి పదార్థంలో ఉంటుంది. కంకి లేని మక్క పాతర కడుపు నింపుతుంది, పాలు పెంచదు.

వానాకాలం పంట సెప్టెంబరు చివరలో కోతకొస్తుంది, ఆ రోజుల్లో ఇక్కడ వానలు ఎప్పుడు పడతాయో చెప్పలేం. అందుకే దసరా తర్వాత వేయండి. సంక్రాంతి దాటాక కోత వస్తుంది, ఉగాదికి ముందే పాతర తెరవొచ్చు. కత్తెర పురుగు 2018లో మన దేశానికి వచ్చినప్పటి నుంచి మొదటి నెల సుడిలో చూస్తూ ఉండక తప్పదు. మందు కొడితే డబ్బా మీద రాసిన గడువు దాటాకే కోయాలి.

కోత రోజు

ఇక్కడ తొందరపడకండి. మిగతా పనుల్లో చిన్న చిన్న తప్పులు జరిగినా సర్దుకోవచ్చు. ఇది తప్పితే తర్వాత చేసేదేమీ ఉండదు.

కావాల్సింది చెట్టు మొత్తం మీద 65 నుంచి 70 శాతం తేమ, అంటే పొడి పదార్థం 30 నుంచి 35 శాతం. అంతకంటే తేమ ఎక్కువైతే గుంత అడుగున రసం కారుతుంది. ఆ రసంతో పాటు చక్కెరా, పోషకాలూ పోతాయి. పులియబెట్టే మంచి సూక్ష్మజీవులకు బదులు కుళ్లబెట్టేవి పెరుగుతాయి, కుళ్లిన వెన్న లాంటి కంపు వస్తుంది. సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా చేతిని వదలని కంపు అది. తేమ తక్కువైతే గడ్డి ఎంత తొక్కినా అణగదు, మధ్యలో గాలి ఉండిపోతుంది, వేడెక్కి బూజు పడుతుంది. గింజలు కూడా గట్టిపడి అరగవు, పేడలో గింజకు గింజ కనిపిస్తాయి.

ఆకు రంగు చూసి కోయకండి. ఇప్పటి హైబ్రిడ్లలో గింజ ముదిరినా ఆకు పచ్చగానే ఉండేవి ఉన్నాయి. నీటి ఎద్దడి వచ్చిన చేనులో ఆకు ఎండి గలగలలాడుతుంది, దంటు పిండితే మాత్రం నీళ్లు కారుతాయి. వేసి ఎన్ని రోజులైందన్న లెక్క కూడా నమ్మకండి. చలి ఎక్కువున్న ఏడాది వారం పది రోజులు వెనక్కి పోతుంది.

గింజ చూడాలి. గట్టు పక్క మొక్కలు వదిలేసి చేను లోపల వేర్వేరు చోట్ల పది కంకులు తెంపండి. పొట్టు తీసి కంకిని మధ్యకు విరవండి. రెండు ముక్కల్లో కొస వైపు ముక్కను పట్టుకుని, విరిగిన చోట గింజల వెడల్పు ముఖాన్ని చూడండి. మొదలు వైపు ముక్కలో మొలక ఉండే ముఖం కనిపిస్తుంది, దాని మీద ఏమీ తెలియదు. కొస ముక్క గింజ మీద మాత్రం ఒక అడ్డగీత స్పష్టంగా ఉంటుంది. గీతకు పైన, గింజ నెత్తి వైపు, ముదురు పసుపు. గీతకు కింద, గింజ అతుక్కుని ఉండే బెండు వైపు, లేత రంగు. గోటితో గుచ్చండి. పైన గోరు దిగదు, కింద పాలు చిమ్ముతాయి. దీన్నే పాలగీత అంటాం. గింజ ముదిరే కొద్దీ ఈ గీత నెత్తి నుంచి బెండు వైపు దిగుతుంది. గీత సగానికి వచ్చినప్పటి నుంచి మూడింట రెండు వంతులు దిగే లోపు కోత పడాలి. పదింటిలో ఏడెనిమిది కంకులు ఆ స్థితిలో ఉంటే చాలు.

గీత సరిపోయిందని అప్పుడే మిషన్‌కు ఫోన్ చేయకండి. నాలుగైదు చెట్లు మొత్తంగా కోసి, ముక్కలు చేసి, చేతినిండా తీసుకుని నిమిషం పాటు గట్టిగా పిండి పట్టుకోండి. తర్వాత పిడికిలి ఒక్కసారి విప్పండి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే ఇంకా వారం ఆగాలి. ముద్ద అలాగే నిలబడి అరచేయి తడిగా ఉంటే మూడు నాలుగు రోజులు. ముద్ద మెల్లగా, స్పాంజిలా విచ్చుకుంటూ అరచేతికి చెమ్మ మాత్రమే తగిలితే అదే రోజు. విప్పిన వెంటనే పొడిపొడిగా రాలిపోతే ఆలస్యమైంది. చేను మీద ఉన్నప్పుడు తేమ రోజుకు సుమారు అర శాతం నుంచి ఒక శాతం తగ్గుతుంది. దాన్ని బట్టి మీ రోజు మీరే లెక్క వేసుకోవచ్చు.

చేతి మీద నమ్మకం లేనివాళ్లు ఇంట్లో మైక్రోవేవ్, వంటింటి కాటా ఉంటే ఇంకా ఖాయంగా తేల్చుకోవచ్చు. ముక్కలు 100 గ్రాములు తూచి, పక్కన సగం గ్లాసు నీళ్లు పెట్టి ముందు మూడు నిమిషాలు, తర్వాత నిమిషం చొప్పున ఆరబెడుతూ తూచండి. మాడిపోకుండా చూసుకోండి. బరువు ఇక తగ్గనప్పుడు 30 నుంచి 35 గ్రాముల మధ్య నిలిస్తే కోయండి.

ఒక ఏడాది మిషన్ అతను మంగళవారం తప్ప ఖాళీ లేదన్నాడు. పాలగీత అప్పటికి గింజలో పావు వంతు కూడా దిగలేదు. ఇంత గడ్డి ఉందిగా, ఏమవుతుందిలే అని కోయించాను. ఆ రాత్రి నుంచే గుంత వాలు వైపు రసం కారడం మొదలైంది. నాలుగో రోజుకు నల్లబడి ఈగలు ముసిరాయి. మార్చిలో తెరిస్తే మా పెద్ద బర్రె దగ్గరకొచ్చి వాసన చూసి, ముక్కుతో ఒక్కసారి బుస్సుమని ఊది, తల తిప్పుకుని పోయింది. మళ్లీ ఆ తొట్టి దగ్గరకు రాలేదు. ఎకరం పంట పెంటకుప్పకు పోయింది. అప్పటి నుంచి ఇద్దరు మిషన్ వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకుంటున్నాను, తేదీ మాత్రం కంకి చూశాకే చెప్తాను.

ఇంకో తప్పు మన నగరం పక్కన ఎక్కువ. పచ్చి కంకులకు హైదరాబాద్‌లో గిరాకీ ఉంది కదా అని కంకులు కాల్చేవాళ్లకు అమ్మేసి, మిగిలిన దంటును పాతర వేస్తారు. డబ్బు రావడం నిజమే. కానీ ఆ దంటులో గింజ ఉండదు, పైగా తేమ చాలా ఎక్కువ. అలా చేయక తప్పకపోతే కోసిన దంటును ఒక రోజు చేనులో వాడిపోనిచ్చి తర్వాత ముక్కలు చేయండి. దాన్ని మంచి పాతర అనుకుని దాణా మాత్రం తగ్గించకండి.

కోయడం, తొక్కడం, కప్పడం

నేల నుంచి అర అడుగు పైకి కోయండి, మన్ను రాకూడదు. ముక్క ఒకటి రెండు సెంటీమీటర్లు ఉండాలి. మిషన్‌లోకి చేయి పెట్టి గడ్డి నెట్టకండి, కర్ర వాడండి. చిన్నపిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి.

అర అడుగు మందం పోసి తొక్కాలి, మళ్లీ అర అడుగు. అంచులు, మూలలు ముఖ్యం. మధ్యలో అందరూ తొక్కుతారు, చెడిపోయేది మూలల్లోనే. కాలు వేస్తే మడమ దిగకూడదు. ఒక గుంత ఒక్క రోజులో నింపి కప్పేయాలి. అందుకే పెద్దది ఒకటి కాకుండా చిన్నవి రెండు అన్నాను. ఆలస్యంగా కోసి గడ్డి ఆరిపోయి ఉంటే ముక్క ఇంకా చిన్నది చేసి, తొక్కేటప్పుడు పొరపొరకూ నీళ్లు చిలకరించండి.

నేలకంటే అడుగున్నర ఎత్తున గోపురంలా తేల్చి, 150 మైక్రాన్లకు తగ్గని కొత్త పాలిథీన్ కప్పండి. పాత ఫ్లెక్సీలు వద్దు, అతుకుల దగ్గర గాలి దూరుతుంది. పైన అర అడుగు మన్ను, చుట్టూ చిన్న కాలువ. మొదటి మూడు వారాలు పాతరలోంచి పసుపు గోధుమ రంగు పొగలాంటి విషవాయువు రావచ్చు. గాలికంటే బరువైనది కాబట్టి గుంతల్లో నిలుస్తుంది. ఆ రోజుల్లో కవరు ఎత్తి తొంగి చూడకండి.

బెల్లం, ఉప్పు కలపాలా అని అందరూ అడుగుతారు. సరైన రోజు కోసిన మక్కకు ఏదీ అక్కర్లేదు. అందులో ఉన్న చక్కెరే చాలు. గాలి లేనప్పుడు సూక్ష్మజీవులు ఆ చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. పులుపును కొలిచే పీహెచ్ (ఇది తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) 4 దగ్గరకు దిగితే కుళ్లడం ఆగిపోతుంది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త విర్టానెన్ పచ్చిమేతకు ఆమ్లం కలిపి పీహెచ్ 4 కంటే కిందికి దించి నిల్వ చేసే పద్ధతి కనిపెట్టాడు. ప్రధానంగా ఆ పనికే 1945లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. మక్క ఆ ఆమ్లాన్ని తనే తయారు చేసుకుంటుంది. బెల్లం డబ్బులతో మంచి కవరు కొనండి.

తెరవడం, మేపడం

45 రోజుల తర్వాత ఒక చివర మాత్రమే తెరవండి. లేత ఆకుపచ్చ పసుపు రంగు, పులిసిన పిండి వాసన ఉంటే బాగా కుదిరింది. ముదురు గోధుమ రంగులో కాలిన బెల్లం వాసన వస్తే చాలామంది సంతోషిస్తారు, బర్రెలు కూడా ఇష్టంగా తింటాయి. అది వేడెక్కిన పాతర. అందులో మాంసకృత్తులు పశువుకు అందకుండా బిగుసుకుపోయి ఉంటాయి, దాణాలో నూనెగింజల చెక్క పెంచాలి.

మొదటి రోజు మూడు కిలోలతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో 15 కిలోలకు తీసుకురండి. పాలు పిండాకే వేయండి, ముందు వేస్తే పాలకు వాసన పడుతుంది. మక్క పాతరలో మాంసకృత్తులు తక్కువ, కాబట్టి అలసంద, లూసర్న్ లాంటి పప్పుజాతి మేత కొంత తోడు ఉండాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దు.

ముఖాన్ని పై నుంచి కింద దాకా నిలువుగా గీసినట్టు తీయండి, మధ్యలో బొరియ చేయకండి. తీసిన వెంటనే కవరు దించి బరువు పెట్టండి. బూజు పట్టిన గడ్డి గుప్పెడైనా సరే, వట్టిపోయిన బర్రెకు కూడా వేయకండి. ముఖ్యంగా చూలు బర్రెలకు వేయకండి, ఈసుకుపోతాయి, అంటే చూలు పోతుంది. దాన్ని అప్పటికప్పుడే తీసి పెంటకుప్పలో వేయండి. గుంత పక్కన పారేస్తే, కట్టు తెంచుకున్న పశువు ముందు అక్కడికే పోతుంది.