పాత చెక్క సామానుకు ఇంట్లోనే మళ్ళీ పాలిష్ చేసుకోవడం

పాత బల్లనో, సొరుగుల పెట్టెనో బాగుచేయాలనుకోగానే చాలామంది ముందు ఉప్పు కాగితం అందుకుంటారు. నిజానికి పని సగం దాటితే గాని దాని అవసరం రాదు, కొన్నిసార్లు అసలే రాదు. చెక్క మీద ఇప్పుడున్న పూత ఏమిటో తెలుసుకోకుండా గీకడం మొదలుపెడితే, తుడిస్తే సరిపోయే వస్తువును కూడా పచ్చి చెక్క దాకా అరగదీసి, ఏళ్ళ తరబడి వెలుతురు తగిలి చెక్కకు పట్టిన నిగారింపును చేజేతులా పోగొట్టుకుంటాం. అది అరుదైన వస్తువేమోనన్న అనుమానం ఉంటే తెలిసినవారికి చూపించే వరకు దాని జోలికి పోకూడదు, ఎందుకంటే పాతవాటిని సేకరించేవారు తొలినాటి పూతకే ఎక్కువ విలువ ఇస్తారు.

ముందుగా సొరుగులు, పిడులు, బందులు ఊడదీసి, ఏ మర ఎక్కడిదో రాసి పెట్టుకోవాలి. తరువాత మినరల్ టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో, పేరుకున్న మైనాన్నీ జిడ్డునూ తుడవాలి. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా మార్చి మార్చి తుడిస్తే అడుగున ఉన్న పూత అసలు రూపం బయటపడుతుంది. పని ఇక్కడితోనే ఆపేసి, పైన కాస్త మైనం రుద్దితే చాలనిపించే వస్తువులు మనం అనుకునే దానికంటే ఎక్కువే ఉంటాయి.

అది చాలదనిపిస్తే పూతను పరీక్షించాలి. కాలి లోపలి వైపు వంటి కనబడని చోట, డీనేచర్డ్ స్పిరిట్‌లో తడిపిన దూదిని కొద్దిసేపు అదిమి పట్టి తీయాలి. దూదికి గోధుమరంగు అంటి, ఆ చోట వేలు పెడితే జిగటగా తగిలితే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు చెక్కుచెదరక, లాకర్ థిన్నర్‌కు కరిగితే అది లాకర్ అనే త్వరగా ఆరే పూత. రెండింటికీ కరగకపోతే నూనె వార్నిష్ గాని పాలియురెథేన్ గాని అయి ఉంటుంది. థిన్నర్ తగిలినప్పుడు వార్నిష్ ఉబ్బి ముడతలు పడవచ్చు, దాన్ని కరగడమని పొరబడకూడదు.

లక్క అయితే సగం శ్రమ తప్పినట్టే. ఆరిన లక్క స్పిరిట్‌లో మళ్ళీ కరుగుతుంది కాబట్టి, సన్నటి పగుళ్ళు పడిన పూతను తీసేయకుండానే సరిచేయవచ్చు. మెత్తటి కుంచెను స్పిరిట్‌లో ముంచి, అదనపు తడిని పిండేసి, ఒక అంచు నుంచి మరో అంచుకు ఆగకుండా తేలికగా లాగితే, పగుళ్ళ అంచులు మెత్తబడి ఒకదానితో ఒకటి కలిసిపోవడం కంటికే కనిపిస్తుంది. ఆ తడి మీదనే కుంచెను మళ్ళీ తిప్పితే పూత ముద్దగా లేచివస్తుంది కనుక, పూర్తిగా ఆరాకే రెండోసారి లాగాలి. తడి గ్లాసు పెట్టిన చోట ఏర్పడే తెల్లటి వలయాలు సాధారణంగా పూతలో చిక్కుకున్న తేమ వల్ల వచ్చినవే కాబట్టి, అవి కూడా చాలావరకు ఈ పద్ధతిలోనే పోతాయి. నల్లటి మరకల సంగతి వేరు. ఇనుము, తేమ, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం కలిసి చెక్క లోపలే నలుపెక్కుతాయి. పూత తీశాక ఆక్సాలిక్ ఆమ్లం ద్రావణం పూసి, తరువాత నీటితో బాగా కడిగితే అవి తగ్గుతాయి. అది విషపదార్థం కాబట్టి చేతులకు తొడుగులు ఉండాలి, ఆరిపోయిన పొడిని పీల్చకూడదు.

పూతను పూర్తిగా తీయక తప్పకపోతే, గాలి బాగా ఆడే చోట రిమూవర్ (పాత పూతను మెత్తబరిచే మందు) మందంగా పూసి, ఆరిపోకుండా ప్లాస్టిక్ కాగితం కప్పి, మెత్తబడ్డాక ప్లాస్టిక్ గీకుడు పలకతో తీయాలి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్లు త్వరగా పనిచేస్తాయి గాని, మూసిన గదుల్లో వాటి ఆవిరి ప్రాణాలే తీసింది. ఇంట్లో చేసే పనికి అవి వద్దు. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, పరీక్షించకుండా రంగు వేసిన చెక్కను పొడిగా రుద్దకూడదు.

కుసులు (చెక్క ముక్కలు కలిసే అతుకులు) వదులైతే, పాత జిగురును గోరువెచ్చని నీటితో మెత్తబరచి, గీకేసి, కొత్త జిగురు పూసి క్లాంపులతో ఒక రాత్రంతా బిగించాలి. పాత జిగురు మీద కొత్తది పట్టదు.

ఇప్పుడు ఉప్పు కాగితం వంతు. 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి 180, 220 వరకు (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), ఎప్పుడూ చెక్క నార వెంబడే రుద్దాలి. అడ్డంగా పడిన గీతలు అప్పటికి కనబడకపోయినా పాలిష్ పడగానే తేలుతాయి. పైన అతికించినది వెనీరేమో (పలుచటి చెక్క పొరేమో) అంచు వైపు నుంచి చూసుకోవాలి. ఆ పొర ఒక మిల్లీమీటరు కంటే కూడా పలుచగా ఉండవచ్చు గనుక దాని మీద మెషిన్ పెట్టకుండా, 180తో చేత్తోనే తేలికగా రుద్దాలి.

కొత్త పూతను వస్తువు వాడకాన్ని బట్టి ఎంచుకోవాలి. అలంకారంగా ఉండే పెట్టెకు లక్కను మించినది లేదని నా అభిప్రాయం: లీటరు స్పిరిట్‌లో సుమారు 240 గ్రాముల లక్క పెచ్చులు కరిగించి, వడకట్టి, పలుచటి పూతలుగా వేయాలి. నిల్వ ఉన్న ద్రావణం సరిగా గట్టిపడదు కాబట్టి అవసరమైనంతే కలుపుకోవడం మేలు. భోజనాల బల్లకు మాత్రం లక్క పనికిరాదు, వేడికి, మద్యానికి అది తట్టుకోలేదు. అక్కడ నూనె వార్నిష్ లేదా పాలియురెథేన్ వేయాలి. ఒక్కో పూత ఆరాక 320 కాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి, తరువాతి పూత వేయాలి. చేతికి ఆరినట్టు తగిలినా పాలియురెథేన్ పూర్తిగా గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక, అందాకా బల్ల మీద బట్ట పరచడం, బరువులు పెట్టడం చేయకూడదు.

అవిసె నూనెగాని, నూనె వార్నిష్‌గాని తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేయకూడదు. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు పుట్టే వేడి ఆ ఉండలోనే నిలిచి, నిప్పు తగలకుండానే గుడ్డలు అంటుకుంటాయి. ఆరుబయట ఒక్కో గుడ్డనూ విప్పి విడివిడిగా ఆరవేయాలి, లేదా నీళ్ళు నింపిన లోహపు డబ్బాలో ముంచి మూత పెట్టాలి.