శనగలు, పెసలు, మినుములు: పొజ్నాన్ ఆర్మీ కథ చదవడం ఎలా

1939లో పోలండ్ మీద జర్మనీ దాడి గురించి స్కూల్లో మనం చదువుకున్నది రెండు ముక్కలే. సెప్టెంబర్ 1న దాడి మొదలైంది, పోలండ్ ఓడిపోయింది. ఈ రెండింటి మధ్య పొజ్నాన్ అనే ఒక పోలిష్ ఆర్మీ జర్మన్లను ఆపి, వెనక్కి తరిమి, వాళ్ల ప్లాన్‌నే మార్పించిన రోజులు ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. ఆ రోజులను బ్జూరా యుద్ధం అంటారు. ఆ నెలలో జరిగిన యుద్ధాలన్నింటిలో పెద్దది ఇదే. ఊరికే చదువుకుంటూ పోతే పేర్లూ నంబర్లూ కలగాపులగమైపోతాయి, అందుకే నేను చదివే పద్ధతి చెబుతాను. ఒక చార్టు, ఒక పెన్సిలు, వంటింట్లోంచి మూడు రకాల గింజలు ఉంటే చాలు.

ముందు 'ఆర్మీ' అన్న మాట దగ్గర ఆగాలి. మనం ఆర్మీ అంటే దేశం మొత్తం సైన్యం అనుకుంటాం. ఇక్కడ అర్థం వేరు, ఒక జనరల్ కింద కొన్ని డివిజన్లు ఉండి, ఒక ప్రాంతాన్ని చూసుకునే దళం అన్నమాట. పోలండ్ సరిహద్దుల వెంట మోడ్లిన్, పొమోజే, పొజ్నాన్, వూచ్, క్రాకూవ్, కర్పాటీ అని ఆర్మీలు పెట్టి, ప్రూసీ అనే ఆర్మీని వెనక రిజర్వుగా ఉంచింది. పొజ్నాన్ ఆర్మీకి కమాండర్ జనరల్ తదేఉష్ కుత్‌షేబా, పొమోజే ఆర్మీకి జనరల్ వ్వదిస్వావ్ బోర్ట్‌నోవ్‌స్కీ. వీళ్లందరి పైన మార్షల్ ఎడ్వర్డ్ రిద్జ్ శ్మిగ్వి.

పేర్లకు భయపడకండి. పోలిష్‌లో 'ఎల్' అక్షరానికి అడ్డగీత ఉంటే దాన్ని 'వ' అని పలకాలి, అందుకే మ్యాపులో లోడ్జ్ అని కనిపించే ఊరు నిజానికి వూచ్. ఇంకొకటి, వూచ్ ఆర్మీ కమాండర్ యులియుష్ రుమ్మెల్‌ని జర్మన్ జనరల్ రోమెల్‌తో కలిపేయకండి, చాలామంది ఇక్కడే తడబడతారు.

ఇప్పుడు చార్టు పరచండి. పది కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు లెక్కన గీయండి. ఎడమ పక్క పొజ్నాన్, అక్కణ్ణుంచి తూర్పుగా దాదాపు 28 సెంటీమీటర్ల దూరంలో వార్సా. వార్సాకి పడమరగా 11 సెంటీమీటర్ల దగ్గర కుత్నో, కుత్నోకి దక్షిణంగా 5 సెంటీమీటర్లలో వూచ్. బ్జూరా నది వూచ్ దగ్గర పుట్టి ఉత్తరానికి వెళ్తుంది, వెన్‌చిత్సా దగ్గర తూర్పుకి తిరుగుతుంది, వోవిచ్, సొహాచెవ్ దాటాక మళ్లీ ఉత్తరానికి మళ్లి విస్తులా నదిలో కలుస్తుంది. నదిని గట్టిగా దిద్దండి, కథంతా ఆ గీత చుట్టూనే.

గింజల లెక్క ఇదీ: పోలిష్ పదాతి డివిజన్‌కి ఒక శనగ, అశ్వికదళ బ్రిగేడ్‌కి ఒక పెసర గింజ, జర్మన్ డివిజన్‌కి ఒక మినుము. పొజ్నాన్ ఆర్మీకి నాలుగు శనగలు (14, 17, 25, 26 డివిజన్లు), రెండు పెసలు (వ్యెల్కోపోల్‌స్కా, పొదోల్‌స్కా బ్రిగేడ్లు). అప్పటికే బాగా దెబ్బతిన్న డివిజన్‌కి శనగ బదులు శనగపప్పు బద్ద పెట్టండి. పొమోజే ఆర్మీలో 27వ డివిజన్‌కి ఇలా బద్ద పెట్టినప్పుడు నాకు మొదటిసారి ఆ యుద్ధం బరువు తెలిసింది, కాగితం మీద అది ఇంకా 'డివిజనే' మరి.

ఒక్క రూలు మాత్రం తప్పకండి: శనగలను రాత్రి పూటే కదపాలి. పగలు ఆకాశం జర్మన్ విమానాలది. పదాతిదళం చీకట్లో నడిచి, తెల్లారేసరికి అడవుల్లో, చెట్ల కింద దాక్కునేది. రాత్రికి 3 సెంటీమీటర్లు, అదీ కాళ్లు వాచేలా నడిస్తేనే.

మొదటి రోజుల్లో మీకు ఒక వింత కనిపిస్తుంది. మినుములు పొజ్నాన్ వైపు పెద్దగా రావు. ఉత్తరాన పొమోజే మీద, దక్షిణాన వూచ్ మీద పడి ముందుకు పోతాయి. మధ్యలో ఉన్న నాలుగు శనగలు ఒక్క పెద్ద దెబ్బ కూడా తినకుండానే, రెండు పక్కలా శత్రువు దాటిపోవడంతో వెనకబడిపోతాయి. పక్కనుంచి కొడతానని కుత్‌షేబా మొదట్లోనే అడిగాడు, పైనుంచి ఒప్పుకోలేదు. 6వ తేదీ రాత్రి మార్షల్ వార్సా వదిలి తూర్పున ఉన్న బ్జెష్చ్ (బ్రెస్ట్) కోటకి వెళ్లిపోయాడు, సంబంధాలు తెగుతూ వచ్చాయి. చివరికి 8న అనుమతి వచ్చింది. ఈ ఆలస్యం గురించి ఎవరేమన్నా, చార్టు మీద 4వ తేదీ గింజల్నీ 8వ తేదీ గింజల్నీ పక్కపక్కన చూసి మీరే నిర్ణయించుకోండి. నా మట్టుకు నాకు ఆ నాలుగు రోజులు ఇప్పటికీ బాధగానే ఉంటాయి.

9వ తేదీ సాయంత్రం దగ్గర నెమ్మదించండి. జనరల్ క్నోల్ కొవ్నాట్స్కీ కింద 14, 17, 25 డివిజన్లు బ్జూరా దాటి దక్షిణానికి కొట్టాయి, రెండు పక్కలా రెండు అశ్వికదళ బ్రిగేడ్లు. ఎదురుగా జర్మన్ జనరల్ బ్లాస్కోవిట్జ్ 8వ ఆర్మీకి పక్కన కాపలాగా ఉన్న 30వ డివిజన్, అది పొడుగ్గా, పలచగా పరుచుకుని ఉంది. మూడు శనగల ముందు ఒక్క మినుము! వెన్‌చిత్సా, ప్యోంతెక్ మళ్లీ పోలిష్ చేతుల్లోకి వచ్చాయి, జర్మన్లు బందీలుగా దొరికారు.

12న వేగం ఆగింది. కలుస్తుందనుకున్న వూచ్ ఆర్మీ వెనక్కి వెళ్లిపోతోందని తెలిసి, కుత్‌షేబా దాడిని వోవిచ్ వైపు మళ్లించాడు. 14న 26వ డివిజన్ నది దాటింది. అంతలో, వార్సా మీదకి వెళ్లిన జర్మన్ 4వ పాంజర్ (ట్యాంకుల) డివిజన్ ఇటు తిరిగిందన్న కబురు విని బోర్ట్‌నోవ్‌స్కీ అప్పటికి తన కింద ఉన్న ఆ 26వ డివిజన్‌ని వెనక్కి పిలిచాడు. ఇక్కడ ఆయన్ని తిట్టేముందు ఒక పని చేయండి, ఆ రోజు ఆయనకి తెలియని మినుములన్నీ చార్టు మీంచి తీసేసి చూడండి. ఏ సైన్య చరిత్ర చదివినా ఇదే ముఖ్యం, మనకి ముగింపు తెలుసు, వాళ్లకి తెలియదు.

16 నుంచి ట్యాంకులు, 17న విపరీతమైన బాంబింగ్. బ్జూరా రేవుల దగ్గర బళ్లు, గుర్రాలు, ఫిరంగులు ఇరుక్కుపోయాయి. అదే రోజు తూర్పు నుంచి సోవియట్ సైన్యం కూడా పోలండ్‌లోకి వచ్చింది. ఆ తూర్పు ప్రాంతాల నుంచి తరలించేసిన కుటుంబాల పిల్లలు కొందరు 1942లో మన జామ్‌నగర్ దగ్గరి బాలాచడీకి చేరారు, నవానగర్ మహారాజు దిగ్విజయ్‌సింహ్‌జీ వాళ్లకి నీడనిచ్చాడు.

చదువుతుంటే పోలిష్ గుర్రాలు కత్తులతో ట్యాంకుల మీదకి దూకాయన్న మాట ఎక్కడో ఒకచోట తప్పకుండా వస్తుంది. నమ్మకండి. సెప్టెంబర్ 1న క్రొయాంతీ దగ్గర 18వ ఉలాన్ (అశ్వికదళ) రెజిమెంట్ దూకింది జర్మన్ పదాతి దళం మీదకి. తర్వాత సాయుధ వాహనాలు వచ్చి కాల్చాయి. తర్వాత చూడ్డానికి వచ్చిన విలేకర్ల ద్వారా కథ మారిపోయింది. మామూలుగా అశ్వికదళం గుర్రం మీద ప్రయాణించి, దిగి పోరాడేది, వాళ్ల దగ్గర ట్యాంకుల్ని కొట్టే 37 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులు ఉండేవి. కాకపోతే గుర్రాల మీద దూకిన సందర్భాలు ఉన్నాయి. 19న వూల్కా వెంగ్లోవా దగ్గర 14వ ఉలాన్ రెజిమెంట్ అలాగే జర్మన్ల మధ్య నుంచి దారి చేసుకుని వార్సా చేరింది.

చావుల లెక్కలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఒకే అంకె పట్టుకుని వాదించకండి. పోలిష్ బందీలు లక్షకు పైనే. జనరల్స్ వ్వాద్, గ్ష్మోత్ స్కోత్నిత్స్కీ, బొవ్‌తుచ్ ఈ పోరులోనే చనిపోయారు. బోర్ట్‌నోవ్‌స్కీ పట్టుబడ్డాడు. కుత్‌షేబా బందీగా ఉన్నప్పుడు ఈ యుద్ధం గురించి రాశాడు, చదవాల్సిందే, కానీ అది కమాండర్ స్వయంగా చెప్పుకున్నదని గుర్తుపెట్టుకుని చదవండి. ఎప్పుడైనా పోలండ్ వెళ్తే కుత్నోలో ఈ యుద్ధానికే ఒక మ్యూజియం ఉంది.

19తో చార్టు తీసేయకండి. కంపినోస్ అడవి గుండా తప్పించుకుని వార్సాలోకి చేరిన దళాలు అక్కడ కూడా పోరాడాయి, 28న వార్సా లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టడానికి వెళ్లింది కుత్‌షేబానే. ఆ రోజు దాకా గింజలు కదిపి, లోపలికి చేరినవి శనగలా, బద్దలా, పెసలా అని చూసి, చార్టు అంచున రాసుకోండి.