నిన్నటి స్వీట్ బన్నుతో ఫ్రెంచ్ టోస్ట్

చిత్తూరులో మా వీధి బేకరీ నుంచి సాయంత్రం తెచ్చిన స్వీట్ బన్నులు పొద్దున్నకి కాస్త గట్టిపడతాయి. పారేయకండి, ఫ్రెంచ్ టోస్టుకి అవే కావాలి. తాజా బన్ను పాలల్లో వేయగానే ముద్దైపోతుంది. నిన్నటిదైతే పాలు బాగా పీల్చుకున్నా విరిగిపోదు.

3 బన్నులని వేలు మందాన బిళ్లలుగా కోయండి. 2 గుడ్లు, అర గ్లాసు కాచి చల్లార్చిన పాలు, చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి గిలక్కొట్టండి. చక్కెర మాత్రం వద్దు. మొదటిసారి అలవాటుకొద్దీ 2 చెంచాలు వేశాను. పైన నల్లగా మాడింది, లోపల పచ్చి గుడ్డు వాసన. బిళ్లలని ఈ గుడ్ల మిశ్రమంలో ముంచి పెనం మీద కాల్చండి. బన్నులోనే తీపి ఉంది కాబట్టి మంట కూడా సిమ్‌లోనే పెట్టాలి, ఒక్కో వైపు దాదాపు 3 నిమిషాలు. వేలితో నొక్కితే స్పాంజిలా పైకి లేవాలి. తడి ఊరితే ఇంకాసేపు ఉంచండి.

టూటీ ఫ్రూటీ ముక్కలు ముందే మాడతాయి, పైకి కనిపించేవి ఏరేయండి (మా ఇంట్లో పిల్లలే ఏరుకుని తినేస్తారు). నెయ్యి చివర్లో అర చెంచా చాలు. మేపుల్ సిరప్ కోసం వెతకడం ఎందుకు, పల్చటి బెల్లం పాకం పోయండి. సీజనైతే పక్కన నాలుగు బేనీషా మామిడి ముక్కలు.