చిన్ననాటి లైంగిక వేధింపు గురించి పెద్దయ్యాక చెప్పినప్పుడు: వినవలసిన తీరు, రాసి ఉంచవలసిన తీరు

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉన్న ఒక తెలుగు ఇంటికి, పెళ్లై దూరాన స్థిరపడిన మేనకోడలు సెలవులకు వచ్చి, రాత్రి అందరూ పడుకున్నాక, "అత్తా, నా చిన్నప్పుడు ఒకటి జరిగింది" అని మొదలుపెట్టిందనుకుందాం. ఆ తరువాతి గంటలో అత్త ఏమి అడిగింది, ఏమి అడగకుండా ఊరుకుంది అన్నదాన్ని బట్టే ఆ జ్ఞాపకం చెడకుండా నిలవడమో, కలగాపులగం కావడమో చాలావరకు జరుగుతుంది. ఈ వ్యాసం ఆ అత్త స్థానంలో ఉన్నవారి కోసం. నిజమో అబద్ధమో తేల్చడం ఆమె పని కాదు. చెప్పినదాన్ని చెప్పినట్టుగా కాపాడటం మాత్రం ఆమె పనే.

మేనకోడలు మధ్యలో ఆగితే ఆ ఖాళీని మీరు పూరించవద్దు. "ఊఁ, చెప్పు తల్లీ", "ఆ తరువాత?", "ఇంకేమైనా గుర్తుందా?" అన్న మూడు మాటలతో ఆ రాత్రంతా గడపవచ్చు. "ఎవరు, పై వాటాలో ఉండే మావయ్యేనా?" అని ఒక్కసారి అడిగారంటే, ఆమె ఔనన్నా కాదన్నా, ఆ మనిషి ప్రస్తావన మొదట మీ నోటి నుండి వచ్చిందన్న సంగతి ఇక చెరగదు, రేపు కోర్టులో ఎదుటి వకీలు ముందుగా పట్టుకునేది దానినే, పట్టుకోవడంలో తప్పు కూడా లేదు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న ఇంకొక విధంగా చెరుపు చేస్తుంది, అది విన్న క్షణం నుండి ఆమె జరిగినది చెప్పడం మాని, తనను తాను సమర్థించుకోవడంలో పడుతుంది.

ప్రశ్నకు అంత బలం ఉంటుందా అనేవారికి 1974లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చేసిన ప్రయోగం చెప్పాలి. కార్లు గుద్దుకునే చిత్రం చూపించి వాటి వేగం అడిగినప్పుడు, కొందరిని "తగిలినప్పుడు" అనీ, కొందరిని "గుద్దుకొని నుజ్జయినప్పుడు" అనీ అడిగారు. వారం తరువాత, పగిలిన గాజు చూశారా అంటే, అసలు గాజే లేని ఆ చిత్రంలో, మొదటి మాట విన్న 50 మందిలో ఏడుగురు, రెండవ మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. 1995లో లాఫ్టస్, పిక్‌రెల్ కలిసి, 24 మందికి చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయారంటూ కల్పించిన సంఘటన చదివిస్తే, ఏడుగురు కొంతగానో పూర్తిగానో గుర్తుందన్నారు. దీన్ని చూపించి ఇలాంటి ఆరోపణలన్నీ ఊహలేనని కొట్టిపారేసేవారు 1994లో పరిశోధకురాలు లిండా విలియమ్స్ ప్రచురించినది కూడా చదవాలి: చిన్నప్పుడు లైంగిక దాడికి గురైనట్లు ఆసుపత్రి రికార్డులున్న 129 మంది స్త్రీలతో సుమారు 17 ఏళ్ల తరువాత మాట్లాడితే, 38 శాతం మంది ఆ సంఘటనను ప్రస్తావించనే లేదు. అందువల్ల పూసగుచ్చినట్లు చెప్పడం నిజమనడానికి రుజువు కాదు, మధ్య మధ్య ఖాళీలుండటం అబద్ధానికి గుర్తూ కాదు. అయితే మూడేళ్లు నిండకముందు జరిగినవి పెద్దయ్యాక గుర్తుండటం చాలా అరుదు కనుక, అంత పసితనం నాటిది మాటలతో సహా వివరంగా వస్తే, అది తరువాత ఎవరైనా చెప్పగా విన్నదేమో అన్న సందేహాన్ని మనసులో ఉంచుకోవాలి, పైకి అననక్కరలేదు.

నా సంగతే చెబుతాను. నౌపడా నుండి గుణుపురం వెళ్లే చిన్న (నేరోగేజి) రైలులో తాతయ్య ఒళ్లో కూర్చున్నాననీ, కిటికీలోంచి బొగ్గు నలక కంట్లో పడితే ఆయన పంచె కొసను నోటి ఆవిరితో వెచ్చజేసి అద్దారనీ నాకు కళ్లకు కట్టినట్టు గుర్తు. ఆ వెచ్చదనం రెప్ప మీద ఇప్పటికీ తెలుస్తుంది. అయితే నలక పడింది మా అక్క కంట్లోనట. ఆ రోజు నేను ఇంట్లో జ్వరంతో పడుకుని ఉన్నానట. రైలూ నిజమే, తాతయ్యా నిజమే, నలకా నిజమే, కన్ను మాత్రం నాది కాదు. జ్ఞాపకం తప్పితే ఇలా ఒక చోట తప్పుతుందే గాని, అంతా గాలిలోంచి పుట్టనక్కరలేదు.

విన్నది ఆ రాత్రే రాయండి. తేదీ, సమయం, గదిలో ఎవరెవరున్నారు, మీరు ఏమి అడిగారు, ఆమె ఏమన్నది, అన్నీ ఆమె మాటల్లోనే ఉండాలి. "పాడు పని చేశాడు" అని ఆమె అంటే అదే రాయాలి. దాన్ని మర్యాదగా "అసభ్యంగా ప్రవర్తించాడు" అని దిద్దకూడదు. మీరు తొందరపడి అడగకూడనిది అడిగి ఉంటే దాన్నీ దాచకుండా రాయండి. తుడుపులుంటే ఉండనివ్వండి. తిరిగి శుభ్రంగా రాసి మొదటి కాగితం పారేసేవారున్నారు. ఇందులో అంతకు మించిన పొరపాటు లేదు.

తరువాత కాలం సంగతి. 2012 నవంబరు 14న, పిల్లలను లైంగిక నేరాల నుండి కాపాడే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది, అంతకు ముందరి నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక, సంవత్సరం తెలియడం అవసరం. అలాగని "అది తిత్లీ తుపానుకు ముందా?" అని అడిగితే మళ్లీ మీ మాట ఆమె నోట్లో పెట్టినట్టే. "ఆ రోజుల్లో ఇంకేం జరుగుతుండేది?" అని అడగండి, తుపాను ఆమెకై ఆమెకే గుర్తుకు వస్తే, పైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014లో అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయని మీరు తరువాత సరిచూసుకోవచ్చు. గుణుపురం దారిలో చిన్న రైలు ఎక్కామని చెబితే అది 2004లోనిదో అంతకు ముందరిదో అయి ఉండాలి, ఆ ఏడే దాన్ని ఆపివేశారు. బడి టీసీ, అద్దె ఇల్లు మారిన సంవత్సరం, ఫోటోల వెనుక రాసిన తేదీలు సేకరించండి, కాని ఆమెకు చూపించవద్దు. చూపించిన ఫోటోలోని పరికిణీ మరునాటికి జ్ఞాపకంలోకి చేరిపోతుంది.

బంధువులను అడగవలసి వస్తే విడివిడిగా, "ఆ వేసవిలో ఇంట్లో ఎవరెవరున్నాం?" అన్నంతవరకే అడగండి. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఆమె చేత నలుగురి ముందు చెప్పించడం, కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టడం, రెండూ ఆమెకూ అన్యాయమే, నిందపడిన మనిషికీ అన్యాయమే. పైగా బాధితురాలి వివరాలు బయటపెట్టడం నేరం. ఎరుక చెప్పించడం, హిప్నాటిజంతో "లోపలున్నది బయటికి తీయించడం" అసలు వద్దు. అలా బయటికి వచ్చినదాంట్లో ఏది ఆమెదో, ఏది అడిగినవారిదో ఎవరూ విడదీయలేరు. మత్తుమందు ఇచ్చి నిజం రాబట్టాలని చూసే నార్కో పరీక్షను ఎవరి మీదా బలవంతంగా చేయరాదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

సంఘటన పోక్సోకు ముందరిదైతే, ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. మూడేళ్లకు మించిన శిక్ష పడే నేరాలకు కాలపరిమితి లేదు. సంఘటన శ్రీకాకుళం వైపు అమ్మమ్మ ఊళ్లో జరిగి, ఆమె ఇప్పుడు రాయగడలో ఉన్నా, 2024 జులై 1 నుండి అమల్లో ఉన్న కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం ఏ పోలీసు స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు. మన ప్రాంతంలో అసలు చిక్కు భాషతో వస్తుంది. తెలుగులో "మావయ్య" అంటే అమ్మ తమ్ముడు కావచ్చు, మేనత్త భర్త కావచ్చు, వరస కలిపి పిలిచే పొరుగువాడూ కావచ్చు; ఒడియాలో మేనమామ "మామూ", మేనత్త భర్త "పిఉసా". రాసుకునే అధికారి "మామూ" అని రాస్తే నింద ఒక మనిషి మీద నుండి ఇంకొక మనిషి మీదికి పోతుంది. వరస కాకుండా పూర్తి పేరు, ఇల్లు, పని చెప్పించాలి. రాసినదాన్ని తెలుగులో చదివి వినిపించమని అడిగి, సరిగా ఉన్నదనిపించాకే సంతకం పెట్టించి, ఉచితంగా ఇచ్చే ప్రతిని తీసుకోవాలి.

నిందపడిన మనిషి ఇప్పటికీ పిల్లల మధ్య తిరుగుతూ, వారికి ప్రమాదమున్నదని మీకు అనిపించినా, సంఘటన పోక్సో వచ్చాక జరిగినదని తెలిసినా, ఇది ఇక ఆమె ఒక్కతె ఇష్టం కాదు. పోక్సో ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ విధి. 1098కు ఫోన్ చేసినా సహాయం అందుతుంది. ఆమె మనసు కుదుటపడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది. ఆ రెండూ కాక, ఏ ఫిర్యాదూ వద్దని ఆమె అంటే, రాసిన కాగితాన్ని కవరులో పెట్టి, పైన తేదీ వేసి, బీరువాలో ఉంచండి. ఆమె వచ్చిన ప్రతి సంక్రాంతికీ మళ్లీ మొదటి నుండి చెప్పమని మాత్రం అడగవద్దు.